తాళాల కంపెనీకి కొత్త పేరు

అమ్మా,

ఇక్కడ అందరం క్షేమమే, నాకు ఒళ్ళు మండిపోవడం తప్ప.

మన తాళాల కంపెనీకి నీ పేరు తీసేసి అన్నయ్య వేరే పేరు రిజిస్టరు చేయించాడు. నీ పేరు మరీ పాతగా ఉందన్నాడు, పోనీలే అనుకున్నాను. అసలు సంగతి నిన్న బయటపడింది. దర్జీ ముసలాయన నీ పేరు కొట్టిన తాళం పట్టుకొచ్చాడు. మనం అమ్మిన తాళం ఎప్పుడు చెడినా ఊరికే బాగుచేసిస్తామని నాన్న మాటిచ్చాడు కదా! అన్నయ్య తలైనా ఎత్తకుండా, "ఆ కంపెనీ ఇప్పుడు లేదండీ" అనేశాడు.

"పేరు మారిస్తే ఇచ్చిన మాట ఎగిరిపోతుందా? సిగ్గు లేదూ?" అని ఆయన ముందే కడిగిపారేశాను.

"వ్యాపారం నీకేం తెలుసు, నోర్మూసుకో" అన్నాడు.

అయినా వాడు తెచ్చిన కాగితాల మీద చదవకుండా సంతకం పెట్టావు చూడు, ముందు నిన్ను అనాలి! ఇకమీదట వాడేం తెచ్చినా నాకు రాయకుండా సంతకం పెట్టకు. మోకాలికి నూనె రాస్తున్నావా? అటక మీద తాళంచెవులు అరగదీసే నా పాత ఆకురాయి ఉంది, ఎవరైనా వస్తుంటే పంపు.

ముసలాయన తాళం నేనే బాగుచేశాను. దాని మీద నీ పేరు అరిగిపోయి ఉంటే, పాత అచ్చు వెతికి తీసి, అన్నయ్య చూస్తుండగానే మళ్ళీ కొట్టి మరీ ఇచ్చాను.

దణ్ణాలతో, తగ్గని కోపంతో,
నీ చిన్నది