అమ్మ చెవిన నీ హెడ్‌ఫోను

తమ్ముడు ప్రసాదుకు అన్న దావీదు వందనాలు. నువ్వు వెళ్ళిపోయి ఏడాది కావస్తోంది. బైబిలు తెరిస్తే వాక్యం మీద మనసు నిలవడం లేదు... అందుకే కాగితం ముందు కూర్చున్నాను.

నువ్వు కొన్న హెడ్‌ఫోను పాడైపోతోంది. పోయినవాడికి రాయాల్సిన సంగతేనా ఇది అనుకుంటావేమో. కానీ ఈ ఇంట్లో నాకూ అమ్మకూ మధ్య ఇన్నాళ్ళూ మిగిలింది అదొక్కటే.

అమ్మ నాతో మాట్లాడటం మానేసింది, ప్రసాదూ. నిన్ను మట్టిలో పెట్టిన రోజు నుంచి.

ఆత్మకూరులో పెండ్లి పందిరికి మైకు కట్టబోయి కరెంటు తగిలి పోయావు. నిన్ను కమలాపురం తెచ్చుకున్నాం. సమాధి దగ్గర అమ్మ గుండెలు బాదుకుంటుంటే నేను వాక్యం ఎత్తాను. నిరీక్షణ లేనివాళ్ళలాగా ఏడవకూడదన్నాను. అయినా ఆపకపోతే, అందరి ముందూ "అమ్మా, చాలు!" అని గద్దించాను. చెప్పింది తప్పని ఇప్పటికీ అనను. అది వాక్యమే. కానీ...

మీ వదిన పెడితే అమ్మ తినేది. నేను గడప తొక్కితే గోడవైపు తిరిగేది. ఆదివారం నేను సంఘానికి ప్రార్థన మొదలుపెట్టే వేళకు మాత్రం నీ హెడ్‌ఫోను అడిగి మరీ పెట్టుకునేదట. ఆ గంటసేపయినా మైకులోంచి నా గొంతు ఆమె చెవిలో పడేది. అదీ పోతే ఏం చేసేవాణ్ణి నేను?

నువ్వు దాన్ని కర్నూలులో కొనుక్కొచ్చిన రోజు గుర్తుందా? క్యాసెట్లు పోయి సీడీలు వచ్చిన రోజులు. నల్లటి పెట్టె విప్పి, "వైరే లేదన్నా, గాల్లోంచే వస్తాది" అన్నావు. రేటు వినగానే నాకు ఒళ్ళు మండింది. ఆ దుడ్లకు బర్రె వస్తుంది కదరా అన్నాను. నువ్వు తడుముకోలేదు. "బర్రె పాలిస్తాదన్నా, అమ్మకు చెవులిస్తాదా?" అన్నావు.

చవకది తేవచ్చు కదా అంటే, "చవకది ఏడాదికొకటి సస్తాది. ఇది చూడు, మనకంటే ఎక్కువ మన్నుతాది" అన్నావు.

ఆ మాట ఎందుకన్నావురా?

మరుసటి ఆదివారం నా ప్రసంగమంతా దాని మీదే. తుప్పు తినేవాటి మీద, చిమ్మటలు కొట్టేవాటి మీద ఆశ పెట్టుకునేవాళ్ళను నిన్నే చూస్తూ ఉతికేశాను. నువ్వు వెనక ఆంప్లిఫయరు దగ్గర నవ్వుతూ కూర్చున్నావు. ఉన్నట్టుండి నా గొంతు నాకే వినబడలేదు. తర్వాత అడిగితే, "అమ్మ చెవులు కొత్తగా వచ్చిండాయి, మొదటి రోజే పగలగొడతావని సౌండు తగ్గించినా" అన్నావు. ఆ రోజు మీ వదిన పడీపడీ నవ్వింది. నేను నవ్వలేదు.

డాక్టరిచ్చిన చెవి మిషను కూత పెడుతోందని అమ్మ తీసి పారేసింది. మోకాళ్ళు వంగక వీధి దాటి ప్రార్థన షెడ్డుకూ రాలేకపోయింది. నీ హెడ్‌ఫోను పెట్టిన రోజు మంచం మీద కూర్చునే రెండు చేతులూ పైకెత్తి ఆమెన్ అందట. ఆ ఆమెన్ వీధి ఇవతల షెడ్డులో నాకు వినిపించింది. అయినా నీతో ఒక మంచి మాట అనలేదు... అనాల్సిందేమో.

మొదట చెవుల మీది మెత్తల తోలు లేచింది. నల్లటి పొట్టు అమ్మ తెల్ల వెంట్రుకల్లో చిక్కుకునేది. మీ వదిన పాత చీర గుడ్డ చుట్టి కుట్టింది. తర్వాత చార్జింగు నిలవడం మానేసింది. ఒక ఆదివారం నేను పునరుత్థానం గురించి చెబుతున్నాను. వీధి అవతల మన తలుపు తెరిచే ఉంది. అమ్మ హెడ్‌ఫోను తీసింది. అటూ ఇటూ తిప్పి చూసి ఒళ్ళో పెట్టుకుంది. ప్రసంగం అక్కడే ఆపేశాను. ఇన్నేళ్ళలో మొదటిసారి పాట పాడమని సంఘానికి చెప్పి కూర్చుండిపోయాను.

మర్నాడే కడప పోయాను. ఎన్ని అంగళ్ళు తిరిగానో! పడేసి కొత్తది కొనమనేవాళ్ళే అందరూ. చివరికి రేడియోలు బాగుచేసే మస్తాన్ దగ్గర కూర్చున్నాను. "దీని బ్యాటరీ సచ్చిండాది పాస్టరూ. కంపెనీది ఈడ యాడ దొరుకుతాది?" అన్నాడు. నాకు కోపం వచ్చి, నమ్మికతో వెతికేవాడికి దొరుకుతుందని గ్రంథం చూపించబోయాను. "వాక్యం నాకు కాదప్పా, బ్యాటరీకి చెప్పు" అన్నాడు.

అయినా విప్పాడు. లోపల స్క్రూడ్రైవరు మొనతో కదిపి చూశాడు. "పైన తోలు పోతాది, బ్యాటరీ పోతాది. ఏ కంపెనీదయినా అంతే. లోపల పని శానా బాగుండాది. కొన్నోడు తెలిసే కొన్నాడు" అన్నాడు. ఏదో కార్డ్‌లెస్ ఫోను బ్యాటరీ తెచ్చి, లోపల పట్టక, బయటే టేపుతో కట్టాడు. ఇప్పుడది ఒకవైపు బరువు. అమ్మ తల కొంచెం వాల్చుకుని వింటోంది. ఎన్నాళ్ళొస్తుందో మస్తానూ చెప్పలేదు.

నువ్వు ఖరీదు పెట్టింది దండగా, కాదా? వాక్యం ప్రకారం నా దగ్గర జవాబుంది. అమ్మ వంక చూస్తే ఆ జవాబు నోటికి రాదు.

ఇక మొన్నటి ఆదివారం సంగతి. అందుకే అసలు ఈ ఉత్తరం.

ప్రార్థన అయిపోయి అందరూ వెళ్ళారు. షెడ్డు మీది లౌడుస్పీకరు హారన్ల స్విచ్చి ఆపేశాను. మైకు కూడా ఆగిపోయిందనుకున్నాను. హారన్లు ఆపినా అమ్మకు వినబడాలని, హెడ్‌ఫోనుకు గాల్లో పంపే పెట్టెకు నువ్వు వేరే వైరు లాగి పెట్టావని నాకు గుర్తే లేదు. చాపలు చుడుతూ చుడుతూ నువ్వు కూర్చునే స్టూలు చూశాను... అంతే. బల్ల పట్టుకుని నిలబడి దేవుణ్ణి నిలదీశాను. నీ సేవకు మైకు కట్టినవాణ్ణే కరెంటుకు అప్పగించావే, నన్ను తీసుకుంటే సరిపోయేది కదా అని అరిచాను. నీ పేరు పెట్టి పిలిచాను. చిన్నపిల్లాడిలా ఏడ్చాను, ప్రసాదూ. ఎంతసేపో తెలియదు.

ముఖం కడుక్కుని ఇంటికి వచ్చేసరికి అమ్మ గోడవైపు లేదు. వాకిలి వైపు తిరిగి కూర్చుని ఉంది. తల మీద హెడ్‌ఫోను. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఒరే దావీదూ, నీకూ కడుపు కాల్తాండాదా?" అంది. "నాకెట్ల తెలుస్తాదిరా, చెప్పకుంటే? స్నేహితుని సమాధి కాడ ప్రభువే ఏడ్చినాడు. ఆ వాక్యం నీ పుస్తకంలో చించేసిండారా?"

ఆ వాక్యం నాకు కంఠతా వచ్చు. దాని మీద ప్రసంగించాను కూడా. 

దగ్గరికి రమ్మంది. హెడ్‌ఫోను తీసి పక్కన పెట్టి, "ఇప్పుడు చెవి కాడ నోరు పెట్టి చెప్పు. అరిచేది నీకు నేర్పించల్నా?" అంది. ఏడాదిగా ఎవర్నీ అడగని మాట అడిగింది. "చిన్నోనికి నొప్పి తెలిసిందా?"

నేను అరిచాను. "లేదమ్మా! ఏమీ తెలియలేదు! కన్ను మూసి తెరిచేలోగా అయిపోయింది!" వీధంతా విన్నది. అమ్మ తల ఊపింది, ఊపుతూనే ఉంది.

ఆ మాట నిజమేనా, ప్రసాదూ? నేనక్కడ లేను. అక్కడున్నవాళ్ళను అడిగే ధైర్యం నాకు రాలేదు. తెలియని సంగతిని తెలిసినట్టు అంత గట్టిగా చెప్పాను... పల్లెపల్లెకూ తిరిగి ప్రసంగాలతో నేను చేస్తూ వచ్చింది ఇదేనా అని ఆ రోజు నుంచి కంటి మీద కునుకు లేదు. అయినా మళ్ళీ అడిగితే మళ్ళీ అలాగే అరుస్తాను.

నీ సమాధి దగ్గరికి తీసుకుపొమ్మంటోంది అమ్మ. ఆటో మాట్లాడాను. ఈసారి ఆమె ఎంతసేపు ఏడిస్తే అంతసేపూ పక్కనే నిలబడతాను. నా నోటి నుంచి ఒక్క వాక్యం రాదు.

నీ అన్న,
దావీదు