ఇరవై నిమిషాలని రాశాను

అక్టోబర్ 6, సోమవారం
శుక్రవారం ధృవ్ పీహెచ్‌డీ డిఫెన్స్. ల్యాబ్‌లో నాకు జూనియర్, అక్కా అంటాడు. వాడి థీసిస్ అంతా ఒకటే ప్రశ్న. నీళ్లలో కలిపే నానో కణాలు గుండ్రంగా ఉంటే వేడి బాగా లాగుతాయా, కడ్డీల్లా పొడుగ్గా ఉంటేనా? మూడో చాప్టర్‌లో జవాబు: తేడా లేదు. అందరూ రాడ్సే గెలుస్తాయనుకున్నారు. ప్రొఫెసర్ తెగ మురిసిపోతున్నాడు.
కమిటీ మైక్రోస్కోప్ ఫొటోలు అడిగింది. రేపు నేనే తీస్తాను.

అక్టోబర్ 7, పొద్దున
ఫొటోల్లో రాడ్స్ లేవు. అన్నీ తునకలే. తునకలకీ గుండ్లకీ తేడా ఏముంటుంది నా మొహం!

అక్టోబర్ 7, మళ్లీ
జూన్‌లో ఆ శాంపిల్ కలిపింది నేనే. కణాలు గడ్డకట్టకుండా, ధ్వని తరంగాలతో కుదిపే సోనికేటర్‌లో ఇరవై నిమిషాలు పెట్టాలి, మించితే విరుగుతాయి. టైమర్ పాడైంది, చేత్తో ఆపాలి. ఈలోపు దోసె తినొద్దామని, మన హోటళ్లుండే ఐసెలిన్ వెళ్లాను. అక్కడ ఓక్ ట్రీ రోడ్‌లో పార్కింగ్ దొరికి చస్తేగా. తిరిగొచ్చేసరికి రెండు గంటలు గడిచాయి. మెషిన్ ఆన్ చేసేముందే నోట్‌బుక్ నింపేయడం నా దిక్కుమాలిన అలవాటు. అందులో 20 అని ఉంది. ఏమవుతుందిలే అని దిద్దలేదు.

అక్టోబర్ 8
ధృవ్ స్లైడ్స్ చూపించాడు. నవంబర్ మూడున జాబ్‌లో చేరాలిట. డిఫెన్స్ వాయిదా పడితే ఆఫర్ పోతుందిట. స్లైడ్స్ బాగున్నాయన్నాను. సిగ్గులేనిదాన్ని.

అక్టోబర్ 9, 11 గంటలు
చెప్పేశాను. ముందు వాడికే. ఎంతసేపు పెట్టావని మాత్రం అడిగాడు. రెండు గంటలన్నాను. జాకెట్ తీసుకుని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం 3
తనే వెళ్లి ప్రొఫెసర్‌కి చెప్పి డిఫెన్స్ ఆపించుకున్నాడట. ప్రొఫెసర్ నన్ను పిలిచి, నోట్‌బుక్ టేబుల్ మీద పెట్టి, ఇందులో ఇంకేమేం నమ్మాలో చెప్పమన్నాడు.  

అక్టోబర్ 24
ధృవ్ ఆఫర్ పోయింది.

నవంబర్ 19
కొత్త రాడ్స్ కూడా ధృవ్ నాచేతే కలిపించాడు. వద్దన్నాను. ల్యాబ్‌లో నా అంత బాగా ఎవరూ కలపరన్నాడు. ఇరవై నిమిషాలూ మెషిన్ దగ్గరే నించున్నాను.
రాడ్స్ గుండ్ల కన్నా పద్నాలుగు శాతం ఎక్కువ వేడి లాగాయి. చాప్టర్ తిరగరాశాడు. దాని మీద వేసే పేపర్‌లో నా పేరు అలాగే ఉంచాడు.
తిట్టినా బాగుండేది.