లెక్చరరైన పెరోల్ ఆఫీసరు

అక్కకు తమ్ముడు మిక్కిలి వినయంగా రాస్తున్నది. ఇక్కడ నేను క్షేమం. ఈ కుర్రాళ్ల జైల్లో బయటినుంచి తాళం వేసి మరీ మా క్షేమం చూస్తున్నారు. అక్కడ నువ్వూ, బావా, మీ అత్తగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

తిండి ఎలా ఉందని అడిగావు. వేడిగా ఉంది. అంతకుమించి అడగకు. కానీ "అక్కడ బాగానే ఉంది కదా, మిగిలిన ఏడాదీ పూర్తి చేసుకునే రా" అన్నావు చూడు, నాకు అక్కడే అనుమానం పట్టుకుంది. జైలును ఇంతగా మెచ్చుకున్న మనిషిని నేనింకా చూడలేదు.

ఆ రాత్రి నాతోపాటు దొంగతనానికి దుకాణం షట్టర్ ఎత్తిన బుడంకాయ్‌గాడికి పెరోల్ దొరికింది. ఇద్దరికీ ఒకే శిక్ష, ఒకే నడత. వాడు ఇంటికి, నేను ఇక్కడే. నా పెరోల్‌కి అడ్డుపడిందెవరా అని ముందు వార్డెన్ని అనుమానించాను. తర్వాత వంటమనిషిని. కారణమేమీ లేదు, వాలకం నచ్చలేదు.

చివరికి పెరోల్ ఆఫీసరుగారినే పట్టుకున్నాను. పెరోల్ ఇచ్చేముందు ఆయన కుర్రాడి ఇంటికి వెళ్లి, వాణ్ణి ఎవరు చూసుకుంటారో ఇంట్లోవాళ్లను అడగాలి. మీ ఇంటికీ వచ్చారట. బావ షాపులో ఉన్నారట. నువ్వేమో ఆయన్ని మా కాలేజీ లెక్చరరని పరిచయం చేశావట. మీ అత్తగారు కుర్చీ వేసి, "మా కోడలి తమ్ముడు బుద్ధిగా చదువుతున్నాడా మాస్టారూ?" అన్నారట.

పాపం, అబద్ధమాడలేని మనిషి. "హాజరు మాత్రం పూర్తిగా ఉందండీ" అని లేచి వచ్చేశారట.

"మీ అక్క మంచిదేరా," అన్నారు నాతో. "కానీ నువ్వెక్కడున్నావో తెలియని ఇంటికి నిన్నెలా పంపను?"

పెళ్లప్పుడు తమ్ముడు హాస్టల్లో ఉన్నాడన్నావు. ఇప్పుడు కక్కలేవు, మింగలేవు. నాకు తెలుసక్కా. కానీ ఆయన బుధవారం మళ్లీ వస్తారు. మళ్లీ లెక్చరరైపోతే నాకు ఏడాదీ ఇక్కడే.

ఒక్క సంగతి ఇంతదాకా దాచాను. కవరు మీద నీ పేరు లేదు, బావ పేరు రాశాను. తిట్టుకో.

బావా, అక్కను ఏమీ అనకండి. పోయిన నెల తను పంపిన చలికోటుకు జిప్పు ఊడదీసి గుడ్డముడుల గుండీలు కుట్టి ఉన్నాయి. ఇక్కడ ఇనుప ముక్కేదీ లోపలికి రానివ్వరు. అక్కకు సూదిలోకి దారం ఎక్కించడం కూడా రాదు. దర్జీ మీరు. హాస్టల్లో చదువుకునే కుర్రాడి కోటుకు జిప్పెందుకు ఊడదీశారో బుధవారం మీ అమ్మగారి ముందే ఆఫీసరుగారికి చెప్పండి.

ఇట్లు,
అక్కకు తమ్ముడు,
మీరు ఒప్పుకుంటే మీ బావమరిది.