ఆయుధపూజ నాడు ఆపిన కంప్యూటర్

ధర్మవరం

ప్రియమైన ఓబిలేష్ అన్నకు,

ఫోన్లో చెబితే మామ వింటాడని రాస్తున్నాను. నువ్వు పెట్టిచ్చిన కంప్యూటర్ పని చెడింది. ఆపితే అప్‌డేట్ ఎక్కేస్తుంది, ఆపొద్దని చెవినిల్లు కట్టుకుని చెప్పావు. నేనూ కాపలా కాశాను. ఆయుధపూజ నాడు మాత్రం మామ వినలేదు. "మగ్గానికే ఈ పొద్దు సెలవు, దీనికేమన్నా కొమ్ములుండాయా?" అని స్విచ్ తీసి, కుంకుమ పెట్టి, నిమ్మకాయ కోశాడు.

మర్నాడు వేయగానే అప్‌డేట్ ఎక్కింది. చీర డిజైన్ గీసే సాఫ్ట్‌వేర్‌కు, మగ్గం మీద ఆ డిజైన్ నేయించే జకార్డు అట్టలకు చిల్లులు కొట్టే మిషన్‌కు పొత్తు చెడింది. రెండింటికీ ఆధారం ఒకటే ఫైలు కదా. ఇప్పుడు డిజైన్‌కు పాత ఫైలే కావాలి, మిషన్‌కు కొత్తదే కావాలి. ఒకటి పెడితే ఇంకోటి తెరుచుకోదు. అట్టలు లేక మగ్గాలు ఖాళీ. మాకు పనిచ్చే షావుకారు బయ్యన్న దీపావళి దాకా చూసి, పని బెంగళూరుకు పంపేస్తాడట.

వీటన్నిటికన్నా మామను చూడలేకపోతున్నాను. పూజలో లోపం జరిగిందని ఒక్కపొద్దు ఉంటున్నాడు. రోజూ కంప్యూటర్‌కు టెంకాయ కొడుతున్నాడు. ఆయన తప్పేమీ లేదని నీ చేత్తో రాయన్నా. చదివి వినిపిస్తాను.

నీ చెల్లెలు
హేమావతి

రాయదుర్గం

చిట్టి చెల్లి హేమకు,

నువ్వు ఉత్తరంతో పాటు పెన్‌డ్రైవ్‌లో పంపిన సాఫ్ట్‌వేర్‌ను ఇక్కడ మా జీన్స్ యూనిట్ కంప్యూటర్లలో వేసి చూశాను. పాత విండోస్‌లో లైసెన్సు అడుగుతోంది. అది ఇచ్చే కంపెనీ మూతపడింది. విండోస్ బదులు లినక్స్ వేసి చూస్తే తెరుచుకుంది, ప్రాణం లేచొచ్చింది. తీరా చూస్తే డిజైన్‌లో అంచు దగ్గర పోగులు పక్కకు జరుగుతున్నాయి. అలాంటి చీర ఎవరు కొంటారమ్మా? ఇక ఇది బాగు కాదు.

మామకు చెప్పు. ఆయన ఆపకపోయినా, కరెంటు పోయిన ఏ రోజైనా ఇదే జరిగేది. పూజలో లోపం లేదు. ఇందులో ఎవరి తప్పూ లేదు.

మీ అన్న
ఓబిలేష్

ధర్మవరం

అన్నా,

నీ ఉత్తరం చదివి వినిపించాను. ఆయన దిగులు తీరుతుందని ఆశపడ్డాను, పిచ్చిదాన్ని. మళ్లీ చదవమన్నాడు. చదివాను.

"నా తప్పయితే పరిహారం ఉంటాదనుకుంటినమ్మా. ఎవురి తప్పూ లేదంటే ఇంగ ఎవురికి మొక్కాల?" అన్నాడు.

ఆ రోజు రెండు పూటలా తిన్నాడు. టెంకాయ కొట్టలేదు. తెల్లారి నాగన్న మగ్గాల షెడ్డుకు కూలికి పోయాడు. ఈ వయసులో, ఒకరి మగ్గం మీద. సాయంత్రం వచ్చి గోడకేసి తిరిగి పడుకున్నాడు. నాకు భయంగా ఉంది.

నువ్వు పొరబడ్డావని ఇంకో ఉత్తరం రాయన్నా. పూజలో ఆయనే ఏదో లోపం చేశాడని రాయి. నేను చదివి వినిపిస్తాను.

నీ
హేమ