జిలేబి గుండెల ఫుట్‌వాల్వు

మొగులయ్య అన్నా, నమస్తే. నీ మెసేజ్‌కు జవాబియ్యనీకి ఆలస్యమైంది, మాఫ్ చెయ్యి. మా కుక్క జిలేబితోని పరేషాన్ల ఉన్న.

అది దగ్గుతుంటే గొంతుల కోడి బొక్క అడ్డం పడ్డదనుకున్న. హైదరాబాద్ తీస్కపోతే డాక్టరమ్మ, "గుండెల వాల్వు సరిగ మూసుకుంటలేదు, రక్తం ఎనక్కి పోతున్నది" అన్నది.

"అంటే ఫుట్‌వాల్వు లీకా మేడం?" అన్న. బాయి మోటర్ల సామాను అమ్మెటోన్ని, పైపుల నీళ్లు ఎనక్కి పోకుంట ఆపే ఫుట్‌వాల్వు గాక నాకింకేం యాదికొస్తది!

ఆమె నవ్వింది. "అసొంటిదే. మీరు కొత్తది ఏస్తరు, మేం ఉన్నదాన్నే కుడ్తం."

గుండెను ఆపి, అందాక మిషన్‌తోని రక్తం తిప్పుతరట అన్నా! నిమ్మకాయంత గుండెల సూది ఎట్ల తిప్పుతరో! కుక్కలకు గీ ఆపరేషన్ చేసేటోళ్లు మస్తు తక్కువట. మీ మరదలేమో "ఆగిన గుండె మళ్ల కొట్టుకోకపోతే? గోలీలే చాలు" అంటది. నాకేం తోస్తలేదు.

నీకు స్టీలు వాల్వు ఏసిన్రు కద. గుండెను ఆపి మళ్ల నడిపిచ్చినంక ఎట్లనిపిచ్చింది? జర నిజం చెప్పు.

ఇంకోటి. వికారాబాద్ నుంచి నువ్వొచ్చినప్పుడల్లా జిలేబి నీ ఛాతి మీదనే చెవి పెట్టి పండుకుంటది. నీ వాల్వు టిక్కుటిక్కుమనేది ఇంటదా ఏంది? నువ్వొస్తే నేను గుడ చెవి పెట్టి ఇంట. తాండూరుకు ఎప్పుడొస్తవ్?