మాయమైన బ్యానర్

జమ్మలమడుగు, 2006, శనివారం రాత్రి

ఇవాళ నా కడుపుమంట కాస్త చల్లారింది. బట్టల కొట్టు రమణయ్య వేసవిలో నాన్న నేసిన చీరకు అంచు బాగలేదని వంక పెట్టి, ఫోటో మాత్రం తీసుకుని, వెనక్కి పంపాడు. అదే చీర మొన్న మా ఊరి వార్తల వెబ్‌సైట్లో అతని కొట్టు యాడ్ బ్యానర్‌గా మెరుస్తూ కనిపించింది. 'మా సొంత నేత' అట! కొంగు చివర నాన్న ప్రతి చీరకూ గుర్తుగా వేసే పసుపు పోగు కూడా అలాగే ఉంది.

నిన్న నా నెట్ సెంటర్లోని కంప్యూటర్లన్నింటిలో ఆ బొమ్మ మీద రైట్ క్లిక్ కొట్టి, అది వచ్చే చోటి నుంచి ఏ బొమ్మా రాకుండా బ్రౌజర్లో ఆపేశాను.

ఇవాళ రమణయ్య తన యాడ్ చూపించాలని వియ్యంకుణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. ఒక్కో కంప్యూటర్ ముందూ కూర్చుని చూశాడు. వార్తలున్నాయి, బ్యానర్ చోటు తెల్లగా ఉంది.

"ఏమ్మా, నా యాడ్ యాడ పోయింది?"

"నాకేం తెలుసన్నా? ఈడైతే ఏమీ కనపడల్యా."

వియ్యంకుడు నవ్వు ఆపుకున్నాడు. రమణయ్య మొహం మాడిపోయింది. నాకు పండగలా అనిపించింది.

పోతూ పోతూ అన్నాడు: "ఈ నెట్టును నమ్ముకుంటే ఇంతే. రేపే ఇదే బొమ్మతో ఫ్లెక్సీ కొట్టిచ్చి మీ సెంటర్ ఎదురుగానే కట్టిస్తా. అది యాడికి పోతాదో చూస్తా!"

నాన్న రోజూ ఆ దారినే నూలుకు వెళ్తాడు. ఆయనకు ఈ సంగతేదీ ఇంకా చెప్పలేదు. ఫ్లెక్సీని ఆపే సెట్టింగ్ ఏ కంప్యూటర్లోనూ లేదు...

మగ్గం దగ్గర పోగులు కత్తిరించే కత్తెర ఉంటే, తీసి నా సంచిలో వేసుకున్నాను.