మాటందించే అన్నయ్య

పూజ్యుడైన అన్నయ్యకి,

చెల్లెలు నమస్కరించి రాసేది. ఇక్కడ మేం కులాసా. నువ్వు కులాసాగా లేవని తెలుసు కాబట్టి అడగను.

నాటకశాల మూతపడింది. తెర పక్కన నిలబడి ముప్ఫై ఏళ్ళు నటులకి ప్రాంప్టింగ్ చెప్పావు. ఎవడు ఎక్కడ మాట మరిచినా అందించావు. బాగుంది. ఆ పని తెచ్చి ఇప్పుడు ఇంట్లో పెడితే ఎలా? వదిన "ఇవాళ పాలు..." అని ఊపిరి తీసుకునేలోగా "విరిగిపోయాయి" అన్నావట. విరగలేదట. అయినా నువ్వన్నావని పారబోసిందట! ఆమధ్య తనే చెప్పింది. ఇప్పుడేమో విసిగిపోయాను, ఇక రాను అని నీ మొహం మీదే చెప్పి తన తమ్ముడింటికి వెళ్ళిపోయిందని నువ్వు రాశావు.

ఏళ్ళ తరబడి చేసిన పని చేజారితే మనిషి అల్లాడిపోవడం మామూలేనట. అలాంటివాళ్ళకి దారి చూపే కౌన్సిలర్లు ఉంటారట. మీ వీధిలోనే, మందుల షాపు మేడ మీద ఒకమ్మాయి ఉంది. నీ పేరు రాయించేశాను. వారం వారం వెళ్ళు. వదిన తిరిగి రావాలా, వద్దా?

నీ చెల్లెలు

తా.క. "రావాలి" అన్న జవాబు నేనే అందిస్తున్నాను. ఎలా ఉంటుందో చూడు.

*

చిరంజీవి చెల్లాయికి,

అన్నయ్య దీవించి రాసేది. వెళ్ళాను. చిన్న గది. రెండు కుర్చీలు, ఒక కిటికీ, బల్ల మీద కాగితం రుమాళ్ళ డబ్బా. సెట్టింగు పొదుపుగా ఉంది.

పిల్ల మంచిదే గానీ, పాపం, మాటలు కంఠతా రావు. "చెప్పండి" అని మొదలెట్టి ఆగిపోయింది. గొంతు తగ్గించి, పెదవులు కదలకుండా, "మీ సమస్య ఏమిటి" అని అందించాను. వింతగా చూసింది గానీ అందుకోలేదు. "ఎన్నాళ్ళ నుంచి" అని అందించాను. ఊహూఁ. ఆట చెడిపోతుందని జవాబులు కూడా నేనే చెప్పాను. గంటసేపు రెండు వేషాలూ నేనే కట్టానే! చివర్లో "మళ్ళీ వారం..." అంది. "రండి" అని అందించి వచ్చేశాను.

మీ అన్నయ్య

తా.క. కంగారుపడకమ్మా, చెయ్యగా చెయ్యగా అదే వస్తుందని ఆ పిల్లకి ధైర్యం చెప్పాను.

*

అన్నయ్యకి నమస్కారాలు.

ఒళ్ళు మండి రాస్తున్నాను. నోరు పెగలని పిల్లని ఆ కుర్చీలో కూర్చోబెడతారా? ఫోన్ చేసి దులిపేశాను. ఎత్తింది ఆ పిల్లే. నేను ఎంత తిట్టినా మాట్లాడదే! ఊపిరి మాత్రం వినిపిస్తోంది. ఆఖరికి, "మీకు అన్నయ్యగారి గురించి చాలా బెంగగా ఉన్నట్టుంది" అంది. ఫోన్ పెట్టేసి కూర్చుని ఏడ్చాను. మాటలు రాకుండానే ఇంత పని చేస్తే, వస్తే ఏం చేస్తుందో! తక్షణం మానెయ్.

నీ చెల్లెలు

తా.క. నాకు బెంగేమీ లేదు. అది ఉల్లిపాయల వల్ల. అప్పుడు ఉల్లిపాయలు తరగడం లేదు, అది వేరే సంగతి.

*

చిరంజీవి చెల్లాయికి దీవెనలు.

మానను. పొరబడ్డది మనమే. ఈసారి ఆ పిల్ల ఆగగానే నేను నోరు తెరిచాను. "నేను మాట మరిచిపోలేదండీ. మీకోసం ఆగాను" అంది.

నాకోసం! తెర పక్కనున్నవాడి కోసం ఇన్నేళ్ళలో ఎవరైనా ఆట ఆపారటే?

గదిలో చప్పుడు లేదు. కింద షాపులో ఎవరో దగ్గారు. నా నోటి నిండా రాజుల మాటలు, దొంగల మాటలు, ప్రేమికుల మాటలు. నాదంటూ ఒక్కటీ తట్టలేదు. ఆ పిల్ల కదల్లేదు, తొందరపెట్టలేదు. అంత మౌనాన్ని అంత నిబ్బరంగా మోసిన మనిషిని నేను చూడలేదు. అప్పుడు ఎక్కణ్ణుంచో "ఇక నాతో ఎవరికీ పని లేదని భయంగా ఉంది" అని వినిపించింది. ఏ నాటకంలోనూ లేదే ఆ మాట. నాదే! గుసగుసగా కాదు, పైకే అన్నాను.

మీ అన్నయ్య

తా.క. కాగితం రుమాళ్ళు ఎందుకో తెలిసింది. డబ్బా ఖాళీ.

*

అన్నయ్యకి నమస్కారం.

డబ్బా ఖాళీ అయ్యేంత ఏడ్చావా? నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. "అన్నయ్య మంచం పట్టాడు, ఎప్పుడూ అనని మాటలంటున్నాడు" అని వదినకి కబురు పెట్టాను. బయల్దేరింది. నువ్వు మంచం దిగకు. తను మాట మొదలెడితే నోరు కుట్టేసుకో. ఈసారి చెడగొట్టుకున్నావో, ఇక వదిన రాదు.

నీ చెల్లెలు

తా.క. మూలగడం వరకూ చాలు. అంతకుమించితే నీ నటన తేలిపోతుంది.

*

చిరంజీవి చెల్లాయికి,

అన్నయ్య దీవించి, సిగ్గుపడి రాసేది. మీ వదిన వచ్చింది. దుప్పటి లాగేసి, ఎదురుగా కుర్చీ వేసుకుని, "ఆ రోజు నేను వెళ్ళింది..." అని ఆగింది.

నాలిక చివర మాట సిద్ధంగా ఉంది. పళ్ళు బిగించాను. ఆవిడ మొహంలో ఒకదాని వెనక ఒకటి ఏవేవో కదిలాయి. ఆ ఖాళీల్లో ఇంత మనిషి ఉందని ఇన్నేళ్ళూ నాకు తెలీదే!

"...ఈత నేర్చుకోవడానికండీ" అంది.

తమ్ముడింటి పక్క వీధిలో ఈతకొలను ఉందట. చిన్ననాటి కోరికట. ఆ రోజు గుమ్మంలో సంచితో నిలబడి "నేను వెళ్తున్నది..." అని ఊపిరి తీసుకుంది. "మీతో విసిగిపోయి, ఇక రాను" అని నేనే అందించాను. ఆవిడ అలవాటు కొద్దీ అదే అప్పజెప్పి వెళ్ళిపోయింది! మీ వదిన నన్ను వదిలెయ్యలేదు చెల్లాయ్. ఆ డైలాగు నాది.

"అలాగని విసుగు లేదని కాదు. మీరు అందించాకే తెలిసింది" అని కూడా అంది. నెలాఖరుకి ఇద్దరం కలిసి ఇంటికొచ్చేద్దాం, అప్పటిదాకా నన్నూ తమ్ముడింట్లోనే ఉండమంది. ఆ మందుల షాపు మేడ మీద ఆగడం నేర్చుకోకపోతే ఈ మాటలు వినకుండానే పోయేవాణ్ణి.

నిన్న కొలను గట్టు మీద కూర్చున్నాను. ఈత మాస్టారు చెయ్యి వదిలేశాడు. ఆవిడ వెల్లకిలా, కళ్ళు మూసుకుని, నీళ్ళ మీద తేలింది. కింద ఆధారం లేదు, పక్కన మనిషి లేడు. తెలీకుండానే లేచి నిలబడిపోయానే. ఆవిడకి ఎవరూ ఏమీ అందించడం లేదు.

మీ అన్నయ్య

తా.క. ఒడ్డుకొచ్చి తల తుడుచుకుంటూ, మాస్టారితో "మా ఆయనకి కూడా..." అని ఆగింది. నేనూ ఎంతో గౌరవంగా ఆగాను. "...రేపట్నుంచి నేర్పండి" అంది. చెల్లాయ్, కొన్ని చోట్ల మాత్రం అందించాలే!